ఏడాది సరుకు, ఏడాది లెక్క: ఒక ఇంటి ఖర్చుల డైరీ

జనవరి 2025, సంక్రాంతి వెళ్లాక

ఈ ప్రాజెక్టుకు లక్ష్యం ఒక్కటే. వచ్చే జూన్‌లో నా గొలుసు తాకట్టుకు వెళ్లకూడదు.

ఏటా వెళుతోంది. బడులు తెరిచే వారంలో దాని మీద 40,000 తెస్తాం, నూటికి రూపాయి వడ్డీ. సంక్రాంతికి మా ఆయనకు వచ్చే బోనస్‌తో విడిపిస్తాం. నెలకు 400 చొప్పున ఏడు నెలలకు వడ్డీ 2,800. మా ఇంట్లో నెల పాల ఖర్చు 2,100. అంతకన్నా ఎక్కువ సొమ్ము ఏటా ఊరికే పోతోంది.

మాది తెనాలి. అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. మా ఆయన ఒక ఏజెన్సీలో లెక్కలు రాస్తారు, చేతికి 27,000 వస్తుంది. నేను జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్స్ వేస్తాను. పెళ్లిళ్ల నెలల్లో తల ఎత్తడానికి ఉండదు, ఆషాఢంలో మిషను మీద గుడ్డ కప్పి ఉంచడమే. సగటున 4,000 అనుకోవచ్చు. మొత్తం 31,000. తెల్ల రేషన్ కార్డు లేదు, కాబట్టి ఉచిత సిలిండర్ల వంటివి మా లెక్కలోకి రావు.

నెలవారీ పుస్తకం పెళ్లయిన కొత్త నుంచీ రాస్తున్నాను. అద్దె, పాలు, కరెంటు, గ్యాస్, కూరగాయలు, పచారీ సరుకులు, మందులు అన్నీ అందులో ఉంటాయి. పాత పుస్తకాలు తిరగేస్తే ఒకటి స్పష్టంగా కనబడింది. మమ్మల్ని అప్పులోకి దించుతున్నవి నెల ఖర్చులు కావు, ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవి. వాటికి వెనక పేజీలో ‘అదనం’ అని ఒక శీర్షిక. జూన్‌లో ఫీజు కట్టాలని జనవరిలోనే తెలిసినప్పుడు అది అదనం ఎలా అవుతుంది?

అందుకే ఈసారి ఆ పేజీని ముందుకు తెచ్చాను. పిల్లల ఫీజులు 34,000. పుస్తకాలు, యూనిఫారాలు, బూట్లు 9,000. ఇంటిల్లిపాదికీ ఉన్న ఆరోగ్య బీమా 16,000, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపి 18,880. జీవిత బీమా 12,000. పండగ బట్టలు 12,000. బండికి బీమా, సర్వీసింగు 3,500. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు చదివింపులు 8,000. కూడితే 97,380. పన్నెండుతో భాగిస్తే నెలకు 8,115.

అంటే జీతం వచ్చిన రోజునే అందులో 8,115 మాది కాదు. అద్దె 7,000 తీస్తే, పాలు తీస్తే, మిగిలేది 13,785. ఐదుగురం బతకాల్సింది దాని మీద. ఇన్నాళ్లూ 22,000 ఉన్నట్టు ఖర్చు పెడుతూ వచ్చాం.

ఈ డబ్బు విడిగా ఉంచడానికి పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్‌డీ అనుకున్నాం కానీ అది ఐదేళ్లది, మాకు కావలసింది జూన్‌లో తీసుకోగల సొమ్ము. చివరికి పోస్టాఫీసులోనే మామూలు పొదుపు ఖాతా తెరిచి, ఏటీఎం కార్డు తీసుకోలేదు. డబ్బు కావాలంటే వెళ్లి వరసలో నిలబడి ఫారం రాయాలి. ఆ ఇబ్బందే దానికి కాపలా. ఈ నెల 5,000 వేశాం.

ఇక ఖర్చు తగ్గించడం ఎక్కడ? టీ మానేయండి, సినిమా మానేయండి అనే సలహాలు వింటే నాకు నవ్వొస్తుంది. మేం సినిమాకు వెళ్లి చాలాకాలమైంది. అత్తయ్య పొద్దుటి కాఫీ ఈ ప్రాజెక్టు పరిధిలోకి రాదు. కాఫీ పొడి ధర ఎంత మండుతున్నా సరే.

దారి చూపించింది కూడా ఆవిడే. ‘‘మా రోజుల్లో నెల సరుకు అనే మాటే లేదమ్మాయ్. పంట వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా వేసుకునేవాళ్లం. రోజూ కొట్టుకు పోయేది ఉప్పుకో, అగ్గిపెట్టెకో’’ అన్నారు. మేమున్నది పంటల నడుమ. గుంటూరు మిర్చి యార్డు పక్కనే, దుగ్గిరాల పసుపు యార్డు దారిలోనే, చుట్టూ డెల్టా మాగాణి. ఇక్కడ ఉండి 100 గ్రాముల కారం ప్యాకెట్ కొనుక్కుంటున్నాం.

బియ్యంతో మొదలుపెట్టాలనుకున్నాం, కానీ లెక్క చూస్తే మా స్థోమతకు అందేలా లేదు. ఈ సీజన్‌లో ఏ గ్రేడు ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,320. బస్తా అంటే 75 కిలోలు, 1,740. క్వింటాలుకు 67 కిలోల లెక్కన, నూకలతో కలిపి 50 కిలోల బియ్యం. కిలో 35, ఆడించే ఖర్చులూ రవాణా కలిపినా 38 దాటదు. కొట్లో మేం తెచ్చే బీపీటీ రకం సన్నబియ్యం 26 కిలోల బస్తా 1,350, అంటే కిలో 52. (అది 25 కాకుండా 26 ఎందుకయిందో చాలామందికి తెలియదు. 2022 జూలైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసి అమ్మే బియ్యం మీద 5 శాతం జీఎస్‌టీ వేశారు. ఒక కిలో కలిపితే పన్ను లేదు.) నెలకు 35 కిలోలు తింటాం కాబట్టి నెలకు 490 మిగలాలి. మా ఇంటి ఖర్చులో ఇంత పెద్ద మిగులు మరొకటి లేదు. కానీ ఏడాది ధాన్యానికి ఒక్కసారి 15,000 కావాలి, ఎనిమిదికి పైగా బస్తాలు పెట్టడానికి చోటు కావాలి, పాతబడేదాకా తినడానికి వేరే బియ్యం కావాలి. మూడూ లేవు. టోకున కొనుక్కోమని చెప్పేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. చౌకగా బతకాలంటే ముందు చేతిలో కొంత ఉండాలి.

కాబట్టి చిన్నదానితో మొదలు. మొదటి సరుకు మిగిల్చిన సొమ్ముతో రెండోది.

ఫిబ్రవరి

మాఘమాసం. పెళ్లి జాకెట్ల మీద మామూలుకన్నా 9,000 ఎక్కువ వచ్చింది. దీన్ని పొదుపు ఖాతాలో వేయలేదు, ప్రాజెక్టుకు పెట్టుబడి అన్నాం. జీతంలోంచి వేయాల్సింది వేశాం, 7,000.

మొదటి సరుకు ఎండుమిర్చి. యార్డులో మనలాంటివాళ్లకు కిలోల లెక్కన అమ్మరు, అక్కడ అంతా టిక్కీల లెక్క. మా పెదనాన్నగారి ఊరు పల్నాడు, అక్కడ తెలిసిన రైతు దగ్గర ఒక టిక్కీ మాట్లాడాం. 40 కిలోలు, నాలుగు ఇళ్లవాళ్లం పంచుకోవాలని. పక్కింటి అక్కయ్య, కుట్టుపనికి వచ్చే ఇద్దరు కలిశారు.

ఈ ఏడాది మిర్చి రైతు కుదేలయ్యాడు. కిందటేడు 20,000 చూసిన క్వింటాలు 11,000కు పడిపోయింది. కేంద్రం జోక్యం చేసుకుని 11,781 ధర ప్రకటించాల్సి వచ్చింది. మాకు చౌక అంటే ఆయనకు నష్టం. కిలో 118కే ఇస్తానన్నాడు, నలుగురం మాట్లాడుకుని 130 ఇచ్చాం. మా ఆయన మొదట ఒప్పుకోలేదు, ఇది పొదుపు ప్రాజెక్టా దానధర్మాల ప్రాజెక్టా అన్నారు. ప్యాకెట్ కారానికి కిలో 450 ఇన్నేళ్లుగా ఎవరికి ఇచ్చామో నాకు తెలియదు. ఈ పన్నెండు రూపాయలు ఎవరికి చేరాయో తెలుసు.

కాయలు వచ్చాక అసలు పని. డాబా మీద పాత చీరలు పరిచి ఎండబోశాం. చేతులకు కొబ్బరినూనె రాసుకుని తొడిమలు తీయడం మొదలుపెట్టాం. నూనె రాసుకోకపోతే ఆ రాత్రి నిద్ర ఉండదు, చేతులు నిప్పుల్లో పెట్టినట్టు ఉంటాయి. ఎర్రగా మెరిసే కాయల మధ్యలో తెల్లబడినవి కొన్ని కనబడతాయి, వాటిని తాలు అంటారు. అవి ఏరేయాలి, లేకపోతే కారం రంగు చెడుతుంది, బూజు వాసన వస్తుంది. తొడిమ గిల్లినప్పుడల్లా ఒకటి రెండు గింజలు ఎగిరి ఒళ్లో పడతాయి. అత్తయ్య వాటిని కూడా చేటలోకి దులిపారు. కాయ ఎండిందా లేదా అన్నది ఆవిడకు చెవితో తెలుస్తుంది. గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపుతారు, గింజలు గలగలమంటే మరకు పంపవచ్చు. లేదంటే మరో ఎండ.

మరలో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. మర ఆడించే ఆయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఉన్నాడు, బయట నిలబడ్డ మేమే దగ్గలేక చచ్చాం. ఆడిన కారం వేడిగా ఉంటుంది, వెంటనే డబ్బాలో పోసి మూత పెడితే చెమ్మ పడుతుంది. ఇంటికి తెచ్చి గుడ్డ మీద ఆరబోసి, కాస్త ఉప్పు కలిపి, జాడీలో అడుగున ఒక ఇంగువ ముక్క వేసి నింపాం.

పది కిలోలకు 1,300, రవాణాలో మా వాటా 50, మరకు 180. మొత్తం 1,530. తొడిమలు, తాలు, తేమ పోగా 9 కిలోల కారం చేతికొచ్చింది. కిలో 170. ప్యాకెట్‌తో పోలిస్తే ఏడాదికి 2,520 మిగులు. రుచి సంగతి లెక్కలో రాయలేదు.

మార్చి

మినుములు, చింతపండు. పొదుపు ఖాతాలో 6,000.

మా వైపు వరి కోసిన మాగాణిలో మినుము చల్లుతారు, ఆ పంట ఇప్పుడే ఇంటికొస్తోంది. 25 కిలోల పొట్టు మినుములు, కిలో 80 చొప్పున 2,000కు తెచ్చాం. బాగా ఎండబెట్టి, నీడన ఆరిన వేపాకుతో కలిపి స్టీలు డ్రమ్ములో పోశాం. ఎండలోంచి తీసిన వెంటనే పోయకూడదు, చల్లారాలి. మిగులు మాత్రం అనుకున్నంత లేదు. నానబోసి పొట్టు కడిగాక మిగిలే పప్పు లెక్కన కిలో వంద దాటుతుంది, కొట్లో పొట్టు తీసిన మినపగుళ్లు 135. ఏడాదికి ఆరేడు వందలు. పొట్టు కడగడానికి నీళ్లు, ఓపిక రెండూ ఖర్చే. కానీ ఇడ్లీ పిండి పొంగే తీరు చూశాక పిల్లలు మళ్లీ గుళ్ల మాట ఎత్తలేదు, అందుకని కొనసాగిస్తున్నాం.

కొత్త చింతపండు గింజలతో సహా 8 కిలోలు, 760. గింజ, పీచు పోతే ఐదు కిలోలకు కొంచెం అటూ ఇటూ. కల్లుప్పు పొరలు పొరలుగా వేస్తూ జాడీలో కుక్కాం. ఇక్కడా లాభం కొద్దే. కొట్లో దొరికే నల్లబడ్డ పాత సరుకు కాకుండా ఎర్రటిది తింటున్నామన్నదే తేడా. పసుపు కొమ్ములు దుగ్గిరాల నుంచి ఒక్క కిలో తెప్పించి కారం ఆడించిన మరలోనే పట్టించాం. ఈసారి పసుపు ధర ఎక్కువ, పెద్దగా మిగిలిందేమీ లేదు.

కందిపప్పు దగ్గర అత్తయ్యకు నాకు వాదన. ఆముదం పట్టించి ఎండబెడితే ఏడాదంతా పుచ్చు పట్టదు, ఒకేసారి తీసేసుకుందాం అన్నారు. నేను ఆగుదామన్నాను. కిందటేడు ధర మరీ పైకెక్కి ఇప్పుడు దిగుతోంది, పైగా కంది దిగుమతి మీద సుంకం లేకుండా 2026 మార్చి దాకా పొడిగించారు. దిగే ధరను ఏడాదికి కొని ఇంట్లో పెట్టుకోవడం ఎందుకు? ఐదు కిలోలు మాత్రం తెచ్చి ఆవిడ చెప్పినట్టే ఆముదం రాశాం, కిలోకు ఒక చిన్న చెంచా. వంటలో వాసన రాదు, కడిగితే పోతుంది.

ఇక కరెంటు. పిల్లలను పనిలోకి దించాను. రాత్రి అన్నీ ఆపేసి మీటరు చూడమన్నాను. అన్నీ ఆపినా ఎర్ర దీపం మిణుకుమంటూనే ఉంది. ఫ్రిజ్ తీసేశాం, ఇంకా మిణుకుతోంది. చివరికి దొరికిన దొంగ టీవీ కింద ఉన్న సెట్‌టాప్ బాక్సు. రిమోట్‌తో ఆపితే అది ఆగదు. పది వాట్లే అయినా రేయింబవళ్లూ కాలితే నెలకు 7 యూనిట్లు. చిన్నవాడు ఇప్పుడు రాత్రిపూట స్విచ్చుల కాపలా చేస్తున్నాడు, అడగకుండానే.

హాలులో పాత ఫ్యాను తీసి 2,700 పెట్టి తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను వేయించాం. పాతది 75 వాట్లు, ఇది 30. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు తగ్గాలి. పెట్టుబడిలో ఇక 2,010 మిగిలింది.

ఏప్రిల్

ఆ 2,010కి ఇంకో 690 కలిపి పడకగదికి రెండో ఫ్యాను. పొదుపు 6,500.

ఈ నెల 8న సిలిండర్ మీద 50 పెరిగింది. కొత్త సిలిండర్ పెట్టిన తేదీని క్యాలెండర్‌లో రాయడం మొదలుపెట్టాం. ఎంతకు కొన్నామన్నది మన చేతిలో లేదు, ఎన్నాళ్లు వస్తుందన్నది చాలావరకు మన చేతిలోదే. పప్పు అరగంట ముందు నానబెట్టడం, కుక్కర్‌లో అన్నం, పప్పు, ముక్కలు ఒకేసారి గిన్నెలు పేర్చి పెట్టడం, మొదటి కూత రాగానే మంట తగ్గించడం. మంట పసుపుగా ఉంటే బర్నర్ బెజ్జాలు సూదితో శుభ్రం చేయడం. నెల తిరగకుండా అయిపోయే సిలిండర్ ఇప్పుడు మరో వారం దాటి వస్తోంది.

మే

కిందటేడు మే బిల్లు 240 యూనిట్లు. ఈసారి 170. ఎండలు తక్కువేమీ కాదు. ఫ్యాన్ల వల్ల నలభై, సెట్‌టాప్ బాక్సు ఏడు, ఫ్రిజ్ తలుపు రబ్బరు మార్పించడం వల్ల కొంత, జాకెట్ల ఇస్త్రీ రోజూ కాకుండా వారానికి రెండుసార్లు ఒకేచోట చేయడం వల్ల మిగతాది.

డబ్బుల్లో చూస్తే తేడా ఇంకా ఎక్కువ. మన దగ్గర శ్లాబులు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 వరకు 8.75. ఈ లెక్కన 240 యూనిట్లకు వాడకం ఛార్జీ 1,148, 170కి 687. వాడకం 30 శాతం కూడా తగ్గలేదు, ఛార్జీ 40 శాతం తగ్గింది. తగ్గించిన ప్రతి యూనిటూ పై శ్లాబులోంచి పోతుంది, అదే కిటుకు. వంద యూనిట్లు కూడా కాల్చని ఇంట్లో ఈ ఫ్యాను మీద పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. వాళ్లు పాత ఫ్యాను పాడయ్యేదాకా ఆగడమే మేలు.

ఆవకాయ పెట్టాం. కాయ ముక్కలు కొట్టించడం దగ్గర నుంచి అన్నీ అత్తయ్య చేతి మీదే. సొంత కారం, చినగంజాం కల్లుప్పు, ఇంట్లో కొట్టిన ఆవపిండి. పప్పు నూనె దగ్గరే చెయ్యి కాలింది, మొత్తం 1,350లో సగానికి పైగా దానికే. నేను సగం వేరుశనగ నూనె పోద్దామన్నాను. ఆవిడ నా వంక చూసిన చూపుతో ఆ ప్రతిపాదన వీగిపోయింది.

పొదుపు 6,000. చదివింపులకు 3,000 తీశాం.

జూన్

ఖాతాలో 27,500 ఉంది. ఫీజు మొదటి సగం 17,000, పుస్తకాలు, యూనిఫారాలు 9,000. మొత్తం 26,000 కట్టేశాం. 1,500 మిగిలింది. గొలుసు ఇంట్లోనే ఉంది.

రెండు వాయిదాల్లో కట్టడానికి బడి ఒప్పుకుంది కాబట్టి ఇది కుదిరింది. అడగాలి, అంతే. ఏటా మేం అడగకుండానే మొత్తం కట్టేవాళ్లం, ఒకేసారి కట్టినందుకు తగ్గింపు కూడా ఏమీ లేదు. పెద్దదాని పుస్తకాలు కొన్ని పై తరగతి పిల్లల దగ్గర సగం ధరకు దొరికాయి. చిన్నవాడి వర్కు పుస్తకాల్లో అప్పటికే జవాబులు రాసేసి ఉంటాయి, అవి పనికిరావు.

జూలై

ఆషాఢం. కుట్టుపని లేదు. పొదుపు 5,500 మాత్రమే. జూన్‌లో 6,000 వేశాం. వేసవి తర్వాత కందిపప్పు ఇంకాస్త దిగింది, అత్తయ్య ఆ సంగతి తనే చెప్పారు.

వంటనూనె ప్యాకెట్లు చూసి కొనండి. లీటరు అంటే 910 గ్రాములు. అదే ఎత్తు, అదే రంగు ఉన్న 850 గ్రాముల ప్యాకెట్ పక్కనే పెడుతున్నారు, ధర ఆరేడు రూపాయలు తక్కువ చెబుతారు. ప్యాకెట్ వెనక గ్రాముకు ఎంతో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పచారీ కొట్లో నేను కళ్లజోడు పెట్టుకునేది దీనికోసమే.

ఆగస్టు

శ్రావణం వచ్చింది, వరలక్ష్మీ వ్రతం జాకెట్లతో మిషను మళ్లీ తిరిగింది. పొదుపు 8,000.

15వ తేదీ నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్‌లలో ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. ఈ పథకానికి తెల్ల కార్డు లేకపోవడం అడ్డం రాలేదు. రద్దీ మాట చెప్పక్కర్లేదు. నాకు దీనివల్ల మిగిలింది టికెట్ డబ్బులు మాత్రమే కాదు. లైనింగు గుడ్డ, ఫాల్స్, హుక్కులు, దారాలు ఇన్నాళ్లూ ఇక్కడే చిల్లరగా కొనేదాన్ని, గుంటూరు వెళ్లిరావడానికి అయ్యే ఖర్చు లాభాన్ని తినేసేది. ఇప్పుడు టోకు కొట్లో తెచ్చుకుంటున్నాను. లైనింగు మీటరుకు పది పన్నెండు రూపాయల తేడా. పొదుపు పుస్తకంలో దీన్ని ఖర్చు తగ్గుదల వైపు రాయాలా, ఆదాయం వైపు రాయాలా అని మా ఆయన్ని అడిగాను. లెక్కలు రాసే మనిషి కదా, చాలాసేపు ఆలోచించారు.

సెప్టెంబరు

22 నుంచి కొత్త జీఎస్‌టీ రేట్లు. సబ్బులు, టూత్‌పేస్టు, తలనూనె, షాంపూ 18 నుంచి 5 శాతానికి దిగాయి. నెయ్యి 12 నుంచి 5. మామూలు పాల ప్యాకెట్ మీద ముందు నుంచీ పన్ను లేదు, కాబట్టి అది ఎక్కడున్నది అక్కడే. నెలకు మా ఇంట్లో ఒక అరవై, డెబ్భై తేడా రావచ్చు. మాకు అసలైన మేలు బీమాలో ఉంది. వ్యక్తిగత ఆరోగ్య బీమా, జీవిత బీమా ప్రీమియం మీద పన్ను పూర్తిగా తీసేశారు. మా గడువు అక్టోబరులో.

అత్తయ్య బీపీ, షుగరు మాత్రలు జన ఔషధి కేంద్రం నుంచి తెస్తున్నాం. డాక్టరుగారిని ముందే అడిగి, మందు అసలు పేరు, మోతాదు రాయించుకున్నాం. నెల మందుల ఖర్చు సగానికి దిగింది. పొదుపు 8,500.

అక్టోబరు

భయపడింది ఈ నెలకే. రెండో విడత ఫీజు 17,000, ఆరోగ్య బీమా 16,000 (కిందటేటి నోటీసులో ఉన్న 2,880 వరస ఈసారి లేదు), దసరా బట్టలకు 5,000. కావలసింది 38,000. ఖాతాలో 29,500, ఈ నెల వేసిన 8,000 కలిపితే 37,500. ఐదు వందలు బట్టల్లో తగ్గించాం. పెద్దవాళ్లం ముగ్గురం కొనుక్కోలేదు. పాత పట్టుచీర ఒకటి విప్పి పెద్దదానికి లంగా, జాకెట్ కుట్టాను. అంచు కొత్తగా ఉంది, మధ్యలో చిరుగు ఉన్న చోట మడత వచ్చేలా కత్తిరించాను. దసరా పండక్కి హైదరాబాదు నుంచి వచ్చిన మా ఆడపడుచు కూతురు తనకూ కావాలంది.

నెలాఖరున మొంథా తుపాను. 28 రాత్రి తీరం దాటింది. మా దగ్గర గాలికన్నా వానే ఎక్కువ, కరెంటు లేదు, రైతు బజారు వెలవెలబోయింది. తర్వాత కొన్నాళ్లు కూరగాయలు ముట్టుకుంటే మండాయి. మేం ఆవకాయ, పప్పుచారు, మినప పొడితో నెట్టుకొచ్చాం. ఏడాది సరుకులో ఇది కూడా ఒక మేలు, ముందు లెక్కలోకి తీసుకోనిది. ముప్పూ ఉంది. చెమ్మకు మినుముల డ్రమ్ము అడుగున వేపాకు మెత్తబడింది. ఎండ రాగానే మొత్తం తీసి ఆరబోసి, కొత్త ఆకు వేశాం. కారం జాడీకి ఏమీ కాలేదు, తడి చెంచా పెట్టకూడదన్న ఆజ్ఞ ఇంట్లో గట్టిగానే అమలవుతోంది.

నవంబరు

ఖాతా మళ్లీ సున్నా నుంచి మొదలు. ఈ నెల, వచ్చే నెల కలిపి 16,000 వేయగలిగితే బండి బీమా, డిసెంబరులో జీవిత బీమా రెండూ వెళ్లిపోతాయి. అంటే సంక్రాంతి బోనస్ మొదటిసారి వడ్డీలకు కాకుండా చేతికి వస్తుంది.

సరుకు చూశాం. కారం ఫిబ్రవరి దాకా సరిపోతుంది, ఆవకాయలకు పోగా. మినుములు ముందే అయిపోయేలా ఉన్నాయి, వచ్చేసారి 30 కిలోలు చెప్పాలి. చింతపండు ఎక్కువయింది, 6 కిలోలు చాలు. మిర్చి టిక్కీకి ఈసారి ఐదో ఇల్లు కలుస్తామంటోంది. కలిపితే ఒక్కొక్కరికి ఎనిమిది కిలోలే వస్తాయి, మాకు చాలదు. రెండో టిక్కీ సగం తీసుకునేవాళ్లను వెతకాలి.

ధాన్యం మాట మళ్లీ ఎత్తాం. కొత్త మద్దతు ధర ప్రకారం ఏ గ్రేడు క్వింటాలు 2,389, బస్తా 1,792. ఎనిమిది బస్తాలు కాదు, రెండు. రెండింటికి చోటు ఉంది, మంచం కింద. బోనస్‌లోంచి 3,600 దీనికి పెడదామన్నాం. చుండూరు వైపు తెలిసిన రైతును అడిగితే, తుపానుకు చేను పడిపోయిందట, గింజ రంగు మారకపోతే జనవరిలో చెబుతానన్నాడు. ఒకటి రెండు బస్తాలు ఆడించే చిన్న మిల్లు మా చుట్టుపక్కల ఒక్కటే మిగిలింది. అది ఆదివారాలు తెరుస్తారో లేదో మా ఆయన కనుక్కుని రావాలి.